శుక్రవారం పారబోసిన నీళ్ళు

నాలుగు శనివారాలు ఆ అమ్మాయి ఏడ్చింది. మిగతా రోజుల్లో బాగానే ఉండేది. శనివారం పదకొండయ్యేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని చున్నీ కళ్ళకి అడ్డం పెట్టుకునేది. ఎవరైనా ఏడిస్తే పక్కన కూర్చుని వీపు నిమిరే మనిషిని కాను నేను. "ఏడిస్తే మెషీన్ వింటుందా అమ్మా, ముక్కు తుడుచుకుని టీ తాగు" అనేదాన్ని. ఆ ఏడుపుకి కారణం నేనేనని అప్పటికి నాకు తెలియదు.

రాజమండ్రిలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో గాజు సామాను కడిగే పని నాది. ఏజెన్సీ కింద చేరాను. అంతకుముందు నరసాపురం దగ్గర మా ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు లేసు అల్లాను. కళ్ళు మసకబారాక సూది పక్కన పెట్టేసి, కూతురున్న ఊరికి వచ్చేశాను. చదువు సంగతంటారా, నలభై దాటాక మా చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు మధ్యాహ్నాలు పెట్టిన క్లాసులో అక్షరాలు దిద్దాను. తెలుగు అక్కడ వచ్చింది. ఇంగ్లీషు పెద్దక్షరాలు ఈ ల్యాబ్‌లో సీసాల మీద చూసి నేర్చుకున్నాను. కొన్ని సీసాల మీద పుర్రె బొమ్మ ఉంటుంది. దానికి చదువు అక్కర్లేదు.

ఆ అమ్మాయిది మొగల్తూరు వైపు, రైతుల పిల్ల. పీహెచ్‌డీ చేస్తోంది. నన్ను మామ్మగారూ అనేది. నేను అమ్మా అనేదాన్ని. ఆమె పరిశోధన చూసే గైడు సార్ ఎదుట మాత్రం మేడంగారూ అనాలి, అది అక్కడి పద్ధతి. ఏం పని చేస్తుందో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే చెప్పేది. నాకు అడగడానికి సిగ్గు లేదు.

కొన్ని మందుల్లో అణువులు రెండు రకాలుగా ఉంటాయట. ఒకే సరుకు, ఒకే తూకం, కానీ ఒకటి రెండోదానికి అద్దంలో నీడలాంటిది. ఒంట్లోకి వెళ్ళాక ఒకటి పని చేస్తుంది, రెండోది ఊరికే పడుంటుంది, ఒక్కోసారి కీడు కూడా చేస్తుంది. అందుకని రెండింటినీ విడదీయాలి. "చూపులకి తేడా లేనివాటిని ఎలా విడదీస్తారమ్మా?" అన్నాను. చెయ్యి చాపి, ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ అని చెప్పబోయింది. నాకు చేతులక్కర్లేకుండానే తెలిసిపోయింది.

మా తోడికోడలిది ఎడమచేతివాటం. మేమిద్దరం ఒకే పువ్వు అల్లేవాళ్ళం. బల్ల మీద పెడితే ఏ పువ్వు ఎవరిదో లేసు కొనే ఏజెంటుకి తెలిసేది కాదు. నేను కళ్ళు మూసుకుని వేలితో అంచు తడిమి చెప్పేసేదాన్ని. ఆవిడ కుట్టు నా కుట్టుకి ఎదురు తిరిగి ఉండేది, నా వేలు ఆవిడ పువ్వు మీద కాస్త ఆగేది. ఆ మాట చెబితే అమ్మాయి నవ్వేసింది. "అంతే మామ్మగారూ! ఈ గొట్టంలో ఉన్న పొడి మీ వేలు లాంటిదే. ఒకరకాన్ని కాస్త ఎక్కువసేపు ఆపుతుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. అందుకే ఒకటి ముందు దిగుతుంది, ఇంకోటి వెనక."

గొట్టం అంటే జానెడు స్టీలు గొట్టం. లోపల తెల్లటి పొడి కూరి ఉంటుంది. ఒక చివరి నుంచి మందు కలిపిన ద్రావకం ఎక్కిస్తే రెండో చివరి నుంచి దిగుతుంది. దిగినప్పుడు కంప్యూటర్‌లో గీత గుట్టలాగా లేస్తుంది. ఒక రకానికి ఒక గుట్ట. రెండు గుట్టల మధ్య గీత నేల దాకా దిగితే బాగా విడిపోయినట్టు. దిగకుండా మధ్యలోనే మళ్ళీ లేస్తే రెండూ కలగలిసిపోయినట్టు. ఆ ద్రావకం స్పిరిట్ వాసన వేస్తుంది. సాయంత్రం నేను బయటికొస్తుంటే వాచ్‌మన్ ముక్కు ఎగబీల్చి, "ఏంటక్కా, మధ్యాహ్నం బస్సెక్కి యానాం వెళ్ళొచ్చావా?" అనేవాడు. "నీకూ ఓ సీసా తెద్దామనుకున్నాన్రా, మూత తియ్యకుండానే పోతావని మానేశాను" అనేదాన్ని.

ఆ అమ్మాయి కొత్తగా చేసిందేమిటంటే, ఆ గొట్టాన్ని తీసుకెళ్ళి నీళ్ళ తొట్టిలో ముంచింది. మామూలు తొట్టి కాదు, అల్ట్రాసౌండ్ తొట్టి, వాళ్ళు సోనికేటర్ అంటారు. స్విచ్ వేస్తే చెవికి అందనంత సన్నటి శబ్దం నీళ్ళలోంచి వెళ్ళి గొట్టాన్ని కుదుపుతుంది. జల్లెడ పట్టుకుని ఊరికే నిలబడితే పిండి దిగదు, అరచేత్తో తడితే దిగుతుంది. అలాంటిదే. శబ్దం తడుతూ ఉంటే అణువులు పొడి దగ్గరికి తొందరగా చేరి తొందరగా వదులుకుంటాయి, గుట్టలు సన్నగా నిటారుగా వస్తాయి, ఒకదాని కాలు ఒకటి తొక్కవు.

సార్ మొదటి నుంచీ నమ్మలేదు. "శబ్దమేం కాదమ్మా, నీళ్ళు వేడెక్కుతున్నాయి, ఆ వేడికి మారుతోంది" అనేవారు. అందుకని అమ్మాయి తొట్టిలో థర్మామీటర్ వేలాడదీసి, ఐసు సంచులు వేసి, నీళ్ళు వేడెక్కకుండా చూసేది. ఐసు అందించడం నా పని. తొట్టి గోడ మీద నల్ల మార్కర్‌తో గీత గీసింది, నీళ్ళు ఎప్పుడూ ఆ గీత దాకా ఉండాలని. సోమవారం నుంచి శుక్రవారం దాకా రెండు గుట్టలూ కొలిచి పెట్టినట్టు వచ్చేవి. శనివారం చూపిద్దామని సార్‌ని పిలిస్తే కలగలిసిపోయేవి.

"ఐదు రోజులు వచ్చి ఆరో రోజు రానిదాన్ని పరిశోధన అనరు" అన్నారాయన నా ముందే. "బయటి నుంచి పరీక్షించే ఆయన వస్తున్నారు, ఆయనకి వీలయ్యేది శనివారమే. ఆయన ముందు వచ్చిందా, సరే. రాలేదా, థీసిస్‌లో ఈ అధ్యాయం మొత్తం కొట్టేద్దాం." ఆ అధ్యాయం పోతే ఆమె దగ్గర మిగిలేదేం లేదు. గడువు అప్పటికే ఒకసారి పెంచారు, మళ్ళీ పెంచరు. మూడేళ్ళ పని ఒక శనివారం ఉదయం మీద ఆధారపడి ఉంది.

ఇక నా సంగతి. నాకు నిలవ నీళ్ళంటే పడదు. కొన్నేళ్ళ కిందట నా కూతురికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి కాకినాడ పెద్దాసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంది. బతికింది. ఆ తర్వాత మా వీధిలో ఆశా వర్కరు అమ్మాయి శుక్రవారం శుక్రవారం తిరిగి, "డ్రై డే అండీ, నీళ్ళు పారబొయ్యండి, తొట్లు బోర్లించండి" అని అరుస్తుంటే నేను నవ్వలేదు. అందరూ నవ్వారు. నేను కూలరూ, పూలకుండీల కింద పళ్ళేలూ, కోళ్ళకి నీళ్ళు పెట్టే చిప్పలూ, అన్నీ పారబోసేదాన్ని. ల్యాబ్‌కి వచ్చాక కూడా అంతే. శుక్రవారం నాలుగున్నరకి బకెట్లు, టబ్బులు, సింకు కింద డబ్బా, దాంతోపాటు ఆ తొట్టి. మూత లేని తొట్టిలో వారం రోజుల నీళ్ళు. చూస్తూ ఊరుకోనా? పారబోసి, బూజు పట్టకుండా తుడిచి, పంపుకి రబ్బరు గొట్టం తగిలించి కొత్త నీళ్ళు పట్టేదాన్ని. సరిగ్గా నల్ల గీత దాకా, వెంట్రుక తేడా లేకుండా. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

పరీక్ష రేపనగా, శుక్రవారం, తొట్టి నింపేసి బల్ల తుడుస్తున్నాను. గోడకి కాలెండరు ఉంది. అమ్మాయి బాగా వచ్చిన రోజులకి పచ్చ చుక్క, చెడిన రోజులకి ఎర్ర సున్నా పెట్టేది. అప్పటిదాకా దాన్ని బొమ్మలాగే చూశాను. ఆ రోజెందుకో చదివాను. చదవడం ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఒక అలవాటు ఉంటుంది, వేలు పెట్టి పై నుంచి కిందికి చదువుతాం. శని అన్న వరసలో వేలు పెట్టి దిగాను. ఎరుపు, ఎరుపు. తర్వాత ఒక పచ్చ చుక్క. మళ్ళీ ఎరుపు, ఎరుపు.

ఆ ఒక్క పచ్చ చుక్క దగ్గర నా వేలు ఆగిపోయింది. ఆ వారం మా తోడికోడలు పోయింది. గురువారమే నరసాపురం వెళ్ళిపోయి ఆదివారం వచ్చాను. ఆ శుక్రవారం తొట్టి నీళ్ళు పారబొయ్యడానికి ఇక్కడ నేను లేను.

చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరిగి తొట్టి చూశాను. ఇప్పుడే పట్టిన నీళ్ళు, తళతళలాడుతున్నాయి. రేపు పది గంటలకి పరీక్ష.

చెప్పెయ్యాలి కదా. చెప్పలేదు. అమ్మాయి పక్క గదిలో కాగితాలు సర్దుకుంటోంది. తలుపు దాకా వెళ్ళి, "వెళ్ళొస్తానమ్మా" అని వచ్చేశాను. నాకు ముందు పనిచేసినామెని బీరువా తాళం పోగొట్టిందని మర్నాటికి మాన్పించేశారు. నేను మూడేళ్ళ పని పాడు చేశాను. ఇంకోపక్క, నీళ్ళేంటి, పాడు చెయ్యడమేంటి, నీళ్ళు నీళ్ళే కదా, ముసలిదానివి లేనిపోనివి ఊహించుకుంటున్నావ్ అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ రాత్రి గురించి రాయను.

పొద్దున్న ఏడున్నరకే వెళ్ళాను. అమ్మాయి అప్పటికే వచ్చి గొట్టం బిగిస్తోంది.

"అమ్మా, ఆ తొట్టిలో నీళ్ళు నిన్న నేను మార్చాను" అన్నాను.

"ఊఁ" అంది తలెత్తకుండా. పట్టించుకోలేదు.

"ప్రతి శుక్రవారం మారుస్తున్నాను. నేను ఊళ్ళో లేని వారం మార్చలేదు. కాలెండరు చూడు."

స్పానర్ బల్ల మీద పెట్టింది. కాలెండరు చూసింది. నన్ను చూసింది. మళ్ళీ కాలెండరు చూసింది.

"ఎవరు మార్చమన్నారు మిమ్మల్ని?"

"డ్రై డే అమ్మా. దోమలు..."

"దోమలా? సోనికేటర్‌లోనా? మామ్మగారూ, ఇది స్విచ్ వేస్తే ఇనుము తుప్పు వదులుతుంది! దోమెలా బతుకుతుందండీ ఇందులో?"

"శనివారం సాయంత్రం నుంచి సోమవారం దాకా స్విచ్ వెయ్యవు కదా" అన్నాను. ఆ సమయంలో కూడా నోరు ఊరుకోదు నాకు.

ఆమె కుర్చీలో కూలబడింది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. తొట్టి వైపే చూస్తూ, తనలో తానే అన్నట్టు, "గాలి" అంది. "కొత్త నీళ్ళలో గాలి ఉంటుంది. శబ్దాన్ని ఆ గాలే మింగేస్తుంది. శనివారమంతా మెషీన్ నడిచేసరికి గాలంతా పోయి, సోమవారం నుంచి శబ్దం గొట్టం దాకా వెళ్తోంది. శనివారానికి మళ్ళీ కొత్త నీళ్ళు. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది మామ్మగారూ ఇది, నీళ్ళు మారిస్తే ముందు చాలాసేపు ఊరికే నడపాలని. నేను నీళ్ళు మార్చలేదు కదా అనుకున్నాను. మీరు సరిగ్గా గీత దాకా పోశారు. ఒక్క అంగుళం తక్కువ పోసుంటే ఎప్పుడో పట్టుకునేదాన్ని!"

నా శ్రద్ధే ఆమెని ముంచింది. అది వినడం నాకు బాగాలేదు. ఇప్పటికీ బాగుండదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, శనివారాలు ఆ తొట్టి బొంగురుగా మోగేది. మిగతా రోజులు సన్నగా, చెవిలో సూది పెట్టినట్టు మోగేది. నా చెవులే పాడయ్యాయనుకున్నాను. ఆ మాట చెబితే అమ్మాయి తల పట్టుకుంది. "ఇదైనా ఒక్కసారి అనలేదేంటండీ? ఇప్పుడు పదింటిలోపు అంతసేపు నడపడానికి టైమెక్కడుంది?"

"మరిగిస్తే గాలి పోతుందా?" అన్నాను. గిన్నెలో నీళ్ళు కాగేముందు అడుగున చిన్న బుడగలు లేవడం ఏ ఆడదానికి తెలియదు?

"పోతుంది. కానీ ఇన్ని నీళ్ళు మరిగించి చల్లార్చాలంటే..."

మిగతాది వినలేదు. క్యాంటీన్ కుర్రవాడి ఇడ్లీ పాత్రలు రెండూ లాక్కున్నాను. వాడు "మామ్మగారూ టిఫిన్లండీ!" అని అరిచాడు, అరవనిచ్చాను. నేను తొట్టి ఖాళీ చేసేలోపు రెండు పాత్రలూ మరిగాయి. మూతలు వేసి ఐసు నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టాం. ఒంపేటప్పుడు పైనుంచి పొయ్యొద్దంది. తొట్టి గోడకి చెంబు ఆనించి, చప్పుడు కాకుండా జారవిడిచాను, పసిపిల్లకి తల మీద నీళ్ళు పోసినట్టు. నల్ల గీత దాకా వచ్చేసరికి తొమ్మిదీ ముప్పావు. థర్మామీటర్ ఇంకా రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. మెట్ల మీద సార్ గొంతు వినబడుతోంది.

వచ్చినాయన పెద్ద వయసు మనిషి, నా ఈడు ఉంటుంది. మాట తక్కువ. సార్ పక్కన కూర్చున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు, నేనూ వెళ్ళలేదు. ఇంకో ఐసు సంచి వేసి వేడి సరిగ్గా దిగాక అమ్మాయి స్విచ్ వేసింది. తొట్టి సన్నగా మోగింది. మందు ఎక్కించింది. ఇక గీత నేల మీద పాకడమే. ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు. మొదటి గుట్ట లేచింది. శిఖరం దాటింది. దిగుతోంది. దిగుతూ దిగుతూ మధ్యలో ఆగుతుందేమోనని తలుపు చెక్క పట్టుకుని చూస్తున్నాను. ఆగలేదు. దాదాపు నేలని తాకింది. కాస్త పాకి, రెండో గుట్ట లేచింది.

సార్ ముందుకి వంగి చూశారు. అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలింది. నేనూ అయిపోయిందనే అనుకున్నాను.

"బాగుంది" అన్నారాయన. "గోడ మీద ఆ ఎర్ర సున్నాలేంటమ్మా?"

అమ్మాయి కాలెండరు వైపు తిరిగింది. నా వైపు చూడలేదు. చూస్తే నా పేరు బయటికొస్తుందని చూడకుండా ఆపుకుంది. ఆ సంగతి నాకు తెలిసింది. అది తెలిశాక ఊరుకుంటే నేను మనిషిని కాను.

"అవి నావేనండి" అన్నాను తలుపు దగ్గర నుంచి. మొత్తం చెప్పాను. డ్రై డే, దోమలు, రబ్బరు గొట్టం, ఇడ్లీ పాత్ర. సార్ ముఖం ఎర్రబడింది. "ల్యాబ్ మెషీన్ మీద చెయ్యి వెయ్యమని నీకెవరు చెప్పారమ్మా? బుద్ధుందా అసలు?" అన్నారు.

"డెంగీ వచ్చిన పిల్లని చూశాక ఉన్న బుద్ధి అదేనండి" అన్నాను.

వచ్చినాయన చెయ్యెత్తి ఆపారు. "ఆగండి. ఈవిడ చెప్పింది నిజమైతే కొత్త నీళ్ళు పోస్తే చెడాలి. మిగతావేవీ మార్చొద్దు. వేడి అంతే, మందు అంతే. నీళ్ళే మార్చండి. చెడిపోతే నేను నమ్ముతాను. అప్పుడు వేడి వల్ల కాదనీ, శబ్దం వల్లేననీ తేలుతుంది. చెడిపోకపోతే మాత్రం..." అని ఆగారు. మిగతాది అందరికీ తెలుసు. చెడిపోకపోతే ఎర్ర సున్నాలకి కారణం లేనట్టే. పొద్దున్న వచ్చిన రెండు గుట్టలూ అదృష్టం కింద జమ.

"ఒక్కసారి చాలదు" అన్నారు. "మూడు సార్లు చెడాలి."

తొట్టి నేనే ఖాళీ చేశాను. ఎప్పుడూ చేసేటట్టే తుడిచాను. రబ్బరు గొట్టం తగిలించి పంపు తిప్పాను. నీళ్ళు నురగలు కక్కుతూ పడ్డాయి. గీత దాకా పట్టి ఆపాను. ఐసుతో వేడి సరిచూసుకుని అమ్మాయి స్విచ్ వేసింది. తొట్టి బొంగురుగా మోగింది. కానీ నా చెవిని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

నా జన్మలో ఒక పని చెడిపోవాలని అంతగా కోరుకోలేదు. ముప్ఫై ఏళ్ళు ఒక కుట్టు తప్పితే విప్పి మళ్ళీ అల్లినదాన్ని. ఆ రోజు గీత వైపు చూస్తూ, ప్రభువా, దిగనియ్యకు, మధ్యలోనే ఆపు అని ప్రార్థన చేశాను. ఇలాంటి ప్రార్థన చెయ్యొచ్చో లేదో పాస్టరుగారిని ఇప్పటికీ అడగలేదు.

మొదటిసారి గుట్ట సగం దాకా దిగి, మళ్ళీ లేచిపోయింది. రెండూ అతుక్కుపోయాయి. నీళ్ళు మార్చాను. రెండోసారి కాస్త మెరుగ్గా వచ్చినట్టు అనిపించింది. అమ్మాయి లెక్క కట్టింది. లేదు, అతుక్కునే ఉన్నాయి. మళ్ళీ నీళ్ళు మార్చాను. అప్పటికి భోజనాల వేళ దాటింది. ఎవరూ లేవలేదు.

మూడోసారి గీత ఎక్కి, దిగి, పావు వంతు కూడా దిగకుండానే మళ్ళీ ఎక్కింది. రెండు గుట్టలు కాదు, వంకర మూపురం ఉన్న ఒకే గుట్ట. అంత వికారమైన గీత ఆ కంప్యూటర్‌లో నేనెప్పుడూ చూడలేదు. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఐసు సంచుల వల్ల కొయ్యబారి ఉన్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, నేను తన వైపు చూడలేదు.

"ఇది రాయండి" అన్నారాయన, ఆ వికారమైన గీత చూపిస్తూ. "బాగా వచ్చినవాటికంటే ముందు ఇది రాయండి. ఆవిడ చేసిందీ రాయండి." కళ్ళజోడు తీసి తుడుచుకుని, క్యాంటీన్‌లో ఇంకా ఏమైనా మిగిలుంటాయా అని అడిగారు. ఇడ్లీలు మాత్రం ఉండవని నేను చెప్పాను.

సార్ అందరికంటే ఆఖర్న లేచారు. తలుపు దగ్గర నా ముందు ఆగారు. నా ఉద్యోగం సంగతి ఆ క్షణాన తేలిపోతుందని నాకు తెలుసు.

"రేపట్నించి నన్నడక్కుండా ఆ తొట్టి మీద చెయ్యి వెయ్యకు" అన్నారు.

రేపు ఆదివారమని నేను అనలేదు. అలాగేనండి అన్నాను.